ఒక బాలుని వ్యయపట్టిక

శిశిరము ముగియవచ్చియు వసంతము ఇంకను అడుగుపెట్టని ఫాల్గుణమాసమున, సముద్రపు పోటు నదీముఖమును దాఁటి మడచెట్ల వేళ్ళను తడిపి మరలిపోవుచున్న ప్రాతఃకాలమందు, లేఁతయెండ బురదమెఱకలపై పఱచుకొనఁగా ఎండ్రకాయలు కలుగులనుండి వెలువడి సంచరించుచుండఁగా, చేపనూనెయు గుగ్గిలమును కలసి కాఁగుచున్న ఘాటైన వాసన గాలితోఁ గూడి వీధులవఱకు వ్యాపించుచుండఁగా, మడపాయరేవునందలి నావల పాకలో పదునొకండు కొయ్యసుత్తులు ఒక్కమాఱుగా మ్రోఁగ నారంభించెను. ఆ మ్రోఁత పొలిమేర దాఁక వినఁబడును. రేవుజనులు దానినిబట్టియే పొద్దు తెలిసికొనుచుందురు.

ఆ సుత్తులు పట్టినవారు బాలురు. వారిలో చిన్నవానికి పదునొకండేండ్లు, పెద్దవానికి పదునేడు. ఒకని తండ్రి తుపానులో సముద్రము పాలయ్యెను. ఒకని తల్లి బియ్యపుమరలో చెరుగుచు చెరుగుచు దగ్గుపట్టి మరణించెను. తక్కినవారికి తలిదండ్రులున్నను లేనట్లే. మూఁడు సంవత్సరములకు పూర్వము వీరందఱును కాలువలో నిలిచిన సరకుపడవలకు ఈఁదిపోయి బస్తాలను కోసి బియ్యమును పంచెలలో మూటగట్టికొని పాఱిపోవుచుండిన వారే. ఇప్పుడు వారు పలకల సందులలో కొబ్బరిపీచు దట్టించి పైని గుగ్గిలము పూయుచుండిరి. ఒక్కొక్కని గ్రాసవస్త్రములకు నెలకు అయిదేసి రూపాయల చొప్పున తాలూకాబోర్డువారు ఇచ్చుచుండఁగా, సంగాడి నూకరాజను నావల మేస్త్రి వారికి నీడయు పనియు ఇచ్చుచుండెను. మొదటి యేఁట చేరి పని నేర్చి పాక విడిచిన మువ్వురు ఇప్పుడు నెలకు పండ్రెండు రూపాయలు సంపాదించుకొనుచు, వారిలో ఒకఁడు పెండ్లియాడి బజారులో సొంత డబ్బుతో బట్టలు కొనుచుండెను.

కథలో అంకెలేల యని విసుగుకొను చదువరులు కొందఱుందురు. ఈ కథలో అంకెలు తప్ప మఱి యేమియు దొరకవని వారికి ముందే మనవి చేయుచున్నాను. ఎవరి కథ చెప్పఁబోవుచున్నానో ఆయనకు అంకెలు తప్ప వేఱుభాష మిగిలియుండలేదు.

ఆయన పేరు అచ్యుతరామయ్య పంతులు. తాలూకాబోర్డు కచేరిలో ఇరువది యెనిమిది సంవత్సరములుగా లెక్కలు వ్రాయుచు హెడ్డుగుమాస్తా పదవి నధిష్ఠించినవాఁడు. సన్నని దేహము, తెల్లని తలపాగా, ఎవ్వరివైపును సూటిగాఁ జూడని కన్నులు కలవాఁడు. ఉదయము తొమ్మిది గంటలకు కచేరి తలుపు తెఱచుటయు సాయంకాలము అయిదు గంటలకు మూయుటయు ఆయన జీవితము. ఎవరైన చనిపోయినారని చెప్పినను ఎవరికైన కొడుకు పుట్టినాఁడని చెప్పినను ఒక్కతీరుగనే తలయూఁచుచుండెను. పూర్వ మట్లుండెడివాఁడు కాఁడనియు, పండుగలకు అష్టావధానము చేయించి తాను సైతము సమస్య లిచ్చుచుండెడివాఁడనియు రేవులోని పెద్దలు చెప్పుకొందురు. ఆ పూర్వపు మనిషిని నేను చూడలేదు.

ఆ సంవత్సరము కాలువగట్టు బాటలోని తూము కూలిపోయెను. దాని బాగుకు ఏడువందల రూపాయలు కావలసివచ్చెను. పెట్టెలో సొమ్ము లేదు. కాఁబట్టి మఱునాఁటి బోర్డు సమావేశమున తొమ్మిదవ విషయముగా, నావల పాక బాలుర గ్రాంటు, అనఁగా సంవత్సరమునకు ఆఱువందల అఱువది రూపాయలు, రద్దు చేయుటను గూర్చి చర్చింప నిశ్చయమయ్యెను. ఆ విషయసూచిక నిర్మించిన హస్తము అచ్యుతరామయ్య పంతులుదే. మూఁడేండ్ల క్రిందట ఆ గ్రాంటు నిమ్మని అప్పటి ప్రెసిడెంటుగారి పేర ముసాయిదా వ్రాసిన హస్తమును అదియే. ఆ సంగతి నాఁడెవ్వరును గమనింపలేదు.

సమావేశమునకు ముందునాఁటి మధ్యాహ్నము నూకరాజు మేస్త్రి కచేరికి వచ్చి, చెప్పులు మెట్లకడ విడిచి, తలగుడ్డ తీసి చంకఁబెట్టుకొని, బల్ల కెదురుగా నిలువఁబడెను. అతని చేతులు మోచేతులదాఁక నల్లగా నుండెను.

"పంతులుగారూ, రేపు మా కుర్రోళ్ళ పద్దు తీసేత్తారంట గదండి."

"విషయం వేశారు. తేల్చేది సభ్యులు."

"పదకొండు మందికీ కూడెట్టడం నావల్ల అవదండి. మహా అయితే ముగ్గుర్ని ఉంచుకోగలను. మిగతావోళ్ళు మళ్ళా ఆ పడవల మీదికే పోతారు. ఏ ముగ్గుర్ని ఉంచమంటారో మీరే చెప్పండి బాబూ. నాకు తేలట్లేదు."

పంతులు చాలసేపు కలము పాళీని గుడ్డతో తుడిచెను. "బోర్డులో గుమాస్తాకి నోరుండదు నూకరాజూ. వాళ్ళు అడిగితే లెక్క చెప్పాలి. అంతే."

"అయితే లెక్కే చెప్పండి," అని నూకరాజు వెడలిపోయెను. తానేమి యడిగెనో అతఁ డెఱుఁగఁడు. పంతులు మాత్ర మెఱుఁగును.

ఆ ఇరువురికిని నడుమ పదునొకండేండ్లుగా పలుకఁబడని పే రొక్కటి కలదు. పంతులుగారికి కామేశ్వరరావను ఏకపుత్రుఁడుండెను. ఇంట కామేశమని పిలుచుచుండిరి. పదునాలుగేండ్ల ప్రాయమున ఆ బాలుఁడు బడి యెగఁబెట్టి ప్రతిదినమును నావల పాకయందు కూర్చుండుచు, మేస్త్రి విడిచిన చెక్కముక్కలతో చిన్నచిన్న పడవలు చెక్కుచు, పెద్ద పలకలను వంచునపుడు ఎవరును పిలువకయే పోయి త్రాడు పట్టుచు దినములు గడుపుచుండెను. ఒకనాఁడు నూకరాజే వాని చేయిపట్టుకొని పంతులు వాకిటికి తీసికొనివచ్చి చెప్పెను.

"ఈ బాబు చేతిలో పనుందండి. నాకు ఒగ్గెయ్యండి. మూడేళ్ళలో నావ కట్టేవోణ్ణి చేత్తాను. సొమ్మేం అక్కర్లేదు, నోట్లోకి నాలుగు మెతుకులు మీరు చూసుకుంటే చాలు."

నియోగిబిడ్డ చేపనూనె ముట్టుటయే పంతులుగారి కపరాధముగాఁ దోఁచెను. మేస్త్రికి సమాధానమైన నీయక లోపలికిఁ బోయి పురోహితుని పిలిపించి, పిల్లవానికి తలస్నానము చేయించి, పాత జందెము తీయించి క్రొత్తది వేయించి, శుద్ధి జరిపించి రెండు రూపాయలు దక్షిణ యిచ్చెను. ఆ పిమ్మట వానిని వారము దినములు గదిలో నుంచెను. ఇది తప్పని ఆ వీధిలో నెవ్వరును అనుకొనలేదు. ఆ వీధిలోని ఏ తండ్రియైనను అట్లే చేసియుండును.

గది తలుపు తెఱచిన నాఁడు కామేశము బడికిని పోలేదు, పాకకును పోలేదు. పడవలపై బస్తాలు కోయువారితో చేరెను. మొదట బియ్యము, పిమ్మట గిడ్డంగుల తాళములు. పదునేడవయేట ఒక సంవత్సరము శిక్ష, విడుదలయైన నాలుగు నెలలకే మఱల నాలుగేండ్ల శిక్ష. అందు మూఁడవ సంవత్సరాంతమున, తన యిరువదియొకటవ యేట, జిల్లా కారాగృహములో జ్వరముచేత మృతినొందెను. ఆ యేడేండ్లలో తండ్రి వానిని ఒక్కమాఱైనను చూడఁబోలేదు. తల్లి సోమిదేవమ్మను పోనీయలేదు. ఇంట ఆ పేరెత్తరాదని శాసించెను.

అయినను మనుష్యుని హృదయము ఏదో యొక సందున చొఱఁబడును. పంతులుగారు కొడుకును చూడఁబోలేదు గాని కొడుకుపై నైన ఖర్చుల నకళ్ళు తెప్పించుకొనెను. తాలూకాబోర్డు గుమాస్తా దరఖాస్తు పెట్టినచో ఏ కచేరివారును కాదనరు. నకలొక్కటికి నాలుగణాల రుసుము. పోలీసుల బత్తెపు బిల్లులు, సాక్షుల బత్తెములు, కారాగృహపు గ్రాసపు చిట్టాలు, ఇట్లు ఏడేండ్లలో ఇరువదిమూఁడు నకళ్ళు వచ్చెను. చలికాలమున కంబళి యొకటి యిచ్చినారని చిట్టాలో నుండినచో వాఁడు బ్రదికియున్నాఁడని ఆయనకు తెలియుచుండెను. గోధుమపిండి తూకము పెరిగినచో వానిని బరువుపనికి మార్చినారని గ్రహించుచుండెను. తండ్రియై పోయి చూడవలసిన దానిని గుమాస్తాయై కూర్చుండి చదువుచుండెను. కట్టకడపటి నకలును ఒక్కమాఱు చూచి నాలుగు మడతలు పెట్టి, తక్కినవానితోఁ గూడ కట్టి, అన్నిటి మొత్తములు వేసిన పట్టిక నొకటి పైనుంచి, ఎఱ్ఱగుడ్డలో చుట్టి కచేరి బీరువా అడుగున నుంచెను. ఆనాఁటినుండియే ఆయన ఎవరేమి చెప్పినను తలయూఁచుట మొదలిడెను.

మఱునాఁడు పదునొకండు గంటలకు బోర్డు సమావేశమయ్యెను. సభ్యు లెనమండ్రుగురు. ప్రెసిడెంటు జగపతిరాజుగారు వయసు చెల్లిన మర్యాదస్థులు, ఎవరి మాటను మధ్య నాఁపువారు కారు. ఎనిమిది విషయములు పరుగున ముగిసెను. తొమ్మిదవది రాఁగానే కంచుమర్తి బసవయ్యగారు లేచిరి. ఆయన ఎగువగ్రామమునుండి ఆ సంవత్సరమే క్రొత్తగా నెన్నుకొనఁబడిన రైతు, తన చేనికి పోవు బాటలోనే ఆ తూము కూలినది, దుర్మార్గుఁడెంతమాత్రమును కాఁడు.

"మూడేళ్ళుగా ఏటా ఆరువందల అరవై పోస్తున్నాం. రేవులో ఇప్పుడు దొంగతనాలు లేవని పోలీసువారే రాశారు. సంతోషం. లేని దొంగలకి ఇంకా మేపు దేనికండీ? తూము లేక అక్కడ బళ్ళు దిగబడుతున్నాయి, అది కళ్ళకి కనబడుతున్న నష్టం. దీని లాభం ఏదీ, నాకు ఒక్క అంకె చూపించండి."

ఆ మాట అందఱకును సమంజసముగనే తోఁచెను. మందు పనిచేసినదని మందు మాన్పించుట లోకమున సాధారణమే గదా. ప్రెసిడెంటుగారు గుమాస్తా బల్లవైపు తిరిగిరి.

"పంతులుగారూ, దీనికి సంబంధించి లెక్క ఏమైనా ఉన్నదా?"

పంతులు లేచెను. బీరువాకడకు పోయి వంగి ఎఱ్ఱగుడ్డమూట తీసెను. దానిపై దుమ్ము దులిపి, ముడి విప్పి, పైనున్న పట్టికను చేతఁబట్టుకొని, కాలువ నీటితీరువా చదువు కంఠముతోనే చదువ నారంభించెను.

"పాకలో ఒక బాలునికి మూఁడు సంవత్సరములకు అగు వ్యయము నూట ఎనుబది రూపాయలు. ఇఁక పాకలో చేరని ఒక బాలుని విషయమై ఏడు సంవత్సరములలో అయిన వ్యయము. దొంగిలింపఁబడిన సరకుల విలువ మూఁడువందల పండ్రెండు. పోలీసుల ప్రయాణములు, బత్తెములు, నూట అఱువదియెనిమిది. కోర్టు, సాక్షుల బత్తెములు, నూట ఇరువదియొకటి. ఆ బాలుని జట్టు భయముచే గిడ్డంగులవారు నాలుగేండ్లు పెట్టుకొన్న కావలివాని జీతము రెండువందల ఎనుబదియెనిమిది. కారాగృహములో నాలుగేండ్ల పోషణ, సంవత్సరమునకు తొంబదియాఱు వంతున, మూఁడువందల ఎనుబదినాలుగు. కారాగృహ వైద్యశాల పందొమ్మిది. కట్టెలు మొదలగునవి మూఁడు రూపాయల ఎనిమిదణాలు. మొత్తము వెయ్యిన్ని రెండువందల తొంబదియైదు రూపాయల ఎనిమిదణాలు. ఈ బాలుఁడు ఈ కాలములో సంపాదించినది లేదు. పాక విడిచిన మువ్వురిలో ఒక్కొక్కఁడు సంవత్సరమునకు నూట నలువదినాలుగు సంపాదించుచున్నాఁడు."

'కట్టెలు' అను మాటకడ రేవుకు చెందిన సభ్యు లైదుగురును తలలు వంచుకొనిరి. వారందఱును ఎఱుఁగుదురు. ఎఱుఁగనివాఁడు బసవయ్యగా రొక్కఁడే.

"ఈ పిల్లవాడెవరు?" అని ఆయన యడిగెను. కిటికీనుండి కొయ్యసుత్తుల మ్రోఁత వచ్చుచుండెను.

"మా అబ్బాయండి. కామేశ్వరరావు. పేరు కూడా నమోదు చెయ్యాలంటే చేస్తాను."

బసవయ్యగారు చేయిచాఁచి ఆ కాగితములను తీసికొని కూర్చుండెను. కనికరము చూపుట ఆయనకు చేతకాదు, కూడిక చేతనగును. తన మొలనుండి పెన్సిలు తీసి ఒక్కొక్క నకలును పట్టికతో సరిచూచి కూడెను. ఒకచోట ఆఁగెను.

"మొట్టమొదట రెండు రూపాయల పద్దొకటి కొట్టేశారు. శుద్ధికి అని ఉంది."

"అది సర్కారు ఖర్చు కాదండి. నా సొంతం."

"నకళ్ళ రుసుము అయిదు రూపాయల పన్నెండణాలూ వెయ్యలేదు."

"అదీ నా సొంతమే."

అనంతరము ఆయన నాలుగు మడతలుగా నున్న కడపటి నకలును విప్పెను. దానిని ఇతర కాగితములకంటె చాలసేపు చదివెను. చదివి, ఉన్న మడతలలోనే మరల మడిచి, ఎఱ్ఱగుడ్డపై మెల్లగా నుంచి, "కూడిక సరిపోయింది," అని మాత్ర మనెను.

చేతు లెత్తుమని ప్రెసిడెంటుగా రడిగిరి. గ్రాంటు నిలుపుమనువారు మొదట నలుగురు, తీసివేయుమనువా రిద్దఱు. బసవయ్యగారు కిటికీవైపు చూచుచు కట్టకడపట చేయి నిలుపువారితో నెత్తెను. తూమునకు చందా వేయుదమనియు మొదటి పది రూపాయలు తనవే యనియు చెప్పెను. అంతట గ్రాంటు మూఁడు సంవత్సరములకు ఖాయపఱుపఁబడెను. కాని సభ్యులలో నొకరు, ఇట్టి ప్రయోజనకరమైన లెక్క సభ్యులు మాఱినపుడెల్ల కొత్తవారికి తెలియవలయును గాన, ఏటేట గ్రాంటు వినతితోఁ గూడ ఆ పట్టిక నకలు జతపఱుపవలయునని సవరణ తెచ్చిరి. మంచియుద్దేశముతోనే తెచ్చిరి. అందఱును ఒప్పుకొనిరి. పంతులుగారు ఆ తీర్మానమును కూడ తన గుండ్రని యక్షరములతో మినిట్సు పుస్తకములో నెక్కించి సిరా ఆఱుటకై ఇసుక చల్లెను. తన కొడుకు ఏటేట ఫాల్గుణమాసమున తన చేతిమీఁదుగ మరల దొంగయై మరల చెఱబడి మరల కట్టెలపాలు కావలసియున్నదని ఆయనకు తెలిసెనో లేదో ముఖమునుబట్టి చెప్పుటకు వీలు లేకుండెను.

అయిదు గంటలకు కచేరి మూసి ఆయన నావల పాకమీఁదుగ నడచెను. ఏండ్ల తరబడి ఆ త్రోవ విడిచి చుట్టుత్రోవనే పోవుచుండెడివాఁడు. నూకరాజు ఎదురు వచ్చి నిలిచెను. "ఉందిలే. మూడేళ్ళు," అని పంతులుగారు చెప్పెను. నూకరాజు ముఖము తుడుచుకొని పాకవైపు తిరిగి "కానియ్యండ్రా" అనెను. బాలుర కేమియు తెలియదు. ఎవనిని ఉంచుకొని ఎవనిని పంపవలయునను మాట నిన్నటిదినమున తమ తలలపై తిరిగిపోయినదని వా రెఱుఁగరు. పలక సందున పీచు దట్టించుచునే యుండిరి.

ఇంటికిఁ బోవునప్పటికి సోమిదేవమ్మ వాకిటిలో బియ్యములోని రాళ్ళేరుచుండెను. ఆమెకు అంతకుముందే కబురందినది. రేవు చిన్నది, మాట త్వరగా పోవును. ఆమె తలయెత్తలేదు. పంతులుగారు అరుగుపై కూర్చుండి చంకలోని ఎఱ్ఱగుడ్డమూట ప్రక్కన నుంచెను. దాని నింటికి తెచ్చుట అదియే మొదటిసారి.

"సభలో వాడి పేరు చెప్పారుట," అని ఆమె చేటలోకే చూచుచు ననెను.

"చెప్పాను."

"ఆ కాగితాల్లో వాడి ఆఖరి రోజులు ఉన్నాయా?"

ఆయన మూట విప్పి నాలుగు మడతల కాగితము తీసెను. చదువుటకు వెలుఁగు చాలియుండెను. ఆయన కంఠము ఎప్పటి కంఠమే.

"కారాగృహ వైద్యశాల. ఖైదీ పేరు కామేశ్వరరావు. సగ్గుబియ్యము, వీసెన్నర. క్వినైను, ఇరువది మోతాదులు. అదనపు కంబళి, ఒకటి. పాలు, దినమునకు అరసేరు వంతున, పదునాలుగు దినములు."

ఏరిన రాయి సోమిదేవమ్మ వేళ్ళనడుమనే నిలిచిపోయెను.

"పాలు పోశారా?"

"పోశారు."

"ఎన్నాళ్ళన్నారు?"

"పద్నాలుగు రోజులు."

నాలుగేండ్లుగా ఆమె మనసున నుండిన ప్రశ్న అదియే. బిడ్డ కడపటి దినములలో గొంతులో పాలచుక్క పడినదో లేదో ఆమెకు తెలియదు. ఆ సంగతి పావుమైలు దూరమున బీరువా అడుగున మడతలలో నుండెను. దానిని చెప్పుటకు ఏ ఖర్చును కాదు. ఆమె చేట ప్రక్కకు జరిపి, మోకాళ్ళపై చేతులు చేర్చుకొని, ఆ నాలుగేండ్లలో మొదటిసారిగా భర్త ముఖమువంక సూటిగాఁ జూచెను.

"ఆ ఒక్క పద్దు మళ్ళీ చదవండి."

పాకలో సుత్తులు ఆగిపోవు వేళ యైనది. పోటు మరల మడచెట్ల వేళ్ళకు చేరుచుండెను. అచ్యుతరామయ్య పంతులుగారు కాగితము కన్నులకు దగ్గఱగాఁ బట్టుకొని, వేలితో ఆ పంక్తిని వెదకి, "పాలు" అని ఆరంభించెను. ఆ మాటపై ఇరువది యెనిమిది సంవత్సరముల గుమాస్తా కంఠము నిలిచిపోఁగా, తక్కిన పంక్తిని ఆమెయే చదివినట్లు పూర్తిచేసెను.